నా వైపు పెడళ్లు

2011 జూన్‌లో నేను చిక్కడపల్లిలోని ఒక డ్రైవింగ్ స్కూల్లో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పొద్దున ఆరు గంటల బ్యాచ్ నాది. నేర్పే కారులో ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. ప్రమాదమైతే తప్ప వాటిని తొక్కకూడదు.

ఆ నెల నా దగ్గర చేరినవారు సుగుణ గారు. యాభై ఏళ్లు, ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు, నారాయణగూడలో తల్లితో ఉండేవారు. తల్లికి వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున ఆటోలు దొరక్క కారు నేర్చుకోవడానికి వచ్చారు.

నా భార్య పోయి అప్పటికి ఏడాది. అశోక్ నగర్‌లో కిరాయి గది. మెట్ల మీద కోచింగ్ పిల్లలు పుస్తకాలతో దాటిపోయేవారు, నాతో మాట్లాడేవారు లేరు. సుగుణ గారు గేరు మారుస్తూనే తల్లి పథ్యం గురించి, ఆఫీసు గురించి చెప్పేవారు. నేనేం తిన్నానో అడిగేవారు. బండి ఆగిపోతే మాత్రం భయపడి నోరు మెదిపేవారు కాదు. అందుకని ఆమె తడబడకముందే నా కాలు క్లచ్చి మీదికి పోయేది. బండి ఆగేది కాదు, తప్పు జరిగినట్టు ఆమెకు తెలిసేదే కాదు.

లైసెన్సు పరీక్షలో ఇన్‌స్ట్రక్టర్ దిగి దూరంగా నిలబడాలి. ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారకుండా కదిలించాలి. ఆమెకు మూడుసార్లు ఇంజను ఆగింది, నాలుగోసారి బండి జారింది. ఇన్‌స్పెక్టర్ వారం తర్వాత రమ్మన్నారు. ఇంకో వారం అనగానే ముందు నాకు సంతోషమే కలిగింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తిరిగి వస్తుంటే ఆమె అడిగారు: "సార్, ఇన్ని దినాలు బండి నేను నడిపిన్నా, మీరు నడిపిన్రా?"

"సగం నేనే తొక్కిన మేడం," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

"అమ్మను తీస్కపోయేటప్పుడు మీరు పక్కన ఉండరు గద."

మర్నాడు నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేచోట బండి ఆపించి, నా సీటు వెనక్కి జరిపి, కాళ్లు మడిచి కూర్చున్నాను. ఐదుసార్లు ఇంజను ఆగింది. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంది. ఆమె మెడ చెమటతో తడిసింది. ఆరోసారి బండి ఎక్కింది. ఆ వారమంతా ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. రెండోసారి పాసయ్యారు.

తర్వాత ఒకసారి హిమాయత్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆమె కారు చూశాను. వెనక సీట్లో తల్లి. సుగుణ గారు రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

రిటైరయ్యేదాకా, ఐదో పాఠం నుంచి ఎవరి బండి ఆగినా ఆగనిచ్చాను. క్లచ్చి ఎంత వదిలితే పట్టుకుని బండి కదులుతుందో ఇంజను ఆగినప్పుడే కాలికి తెలుస్తుంది. పక్క సీట్లోవాడు ఆ తెలివిడిని ఇవ్వలేడు, అడ్డం మాత్రం రాగలడు.