మా బావ నిలబెట్టిన ఓడ హాలు

మొన్న శుక్రవారం దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌ పేటలో టీ తాగుతుండగా, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరుగా ఉన్న కడప స్నేహితుడు తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కుటుంబం ఒక హోటల్లో విందుకు వెళ్లిన ఫొటో చూపించాడు. నేను దాన్ని వేళ్లతో పెద్దది చేసి, నవ్వుతున్న మనుషుల వెనకున్న చెక్క గోడను చూస్తూ కూర్చున్నాను. "మనుషుల్ని ఇడ్సిపెట్టి గోడ జూస్తాండావేందన్నా?" అన్నాడు. ఆ గోడ మా బావది. నిజానికి దాని మీది పాలిష్ నాదే గానీ, మా అక్క ముందు ఆ మాట అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మా బావది జగిత్యాల వైపు పల్లె, వడ్రంగం చేసే ఇల్లు. దర్వాజాల మీద చిలుకలు చెక్కిన చెయ్యి అది. ఖతర్ వచ్చాక కంపెనీ ఆయన్ని షట్టరింగ్‌లో పెట్టింది. కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగించడం, అది గట్టిపడగానే పీకెయ్యడం, ఏళ్లకేళ్లు అదే డ్యూటీ. "నేను గట్టింది ఒక్కటన్న నిలవడ్తదారా బామ్మర్ది? అన్నీ ఇప్పి పారేసుడే" అని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులోని మా గదిలో రోజూ తిట్టుకునేవాడు. వినయం మాత్రం బొత్తిగా లేదు. తనంతటి పనివాడు గల్ఫ్ మొత్తంలో లేడని గట్టి నమ్మకం.

అలాంటప్పుడు ఒక వింత పని వచ్చింది. ఓ హోటల్లో భోజనశాలను నూరేళ్ల కిందటి ప్రయాణికుల ఓడలోని మొదటి తరగతి హాలులా కట్టాలట. డిజైన్ చూసే లెబనాన్ మేడమ్ పాత ఫొటోలు తెచ్చి చూపించింది. వెడల్పాటి మెట్లు, పైన అద్దాల గుమ్మటం, మఖమల్ కుర్చీలు, చెక్కలో చెక్కిన ద్రాక్ష గుత్తులు. డబ్బున్న ప్రయాణికులకు సముద్రం మీద ఉన్నామన్న సంగతే గుర్తు రాకూడదని అంత సోకు చేశారట. "గంత భయమైతే ఇంట్ల కూసోవాలె" అన్నాడు బావ, కళ్లు మాత్రం ద్రాక్ష గుత్తుల మీంచి తిప్పలేదు. నగిషీ పనివాళ్లు చాలక ఆయన్ని పిలిచారు, పాలిష్ పనికి నేనూ వెళ్లాను. పని నచ్చితే ఫినిషింగ్‌లోనే ఉంచుకుంటారు, లేదంటే మళ్లీ షట్టరింగే.

గోడకు అక్రోటు చెక్క పలకలు. ఒకే మొద్దును పల్చగా కోసి చేసినవి కాబట్టి, ఒక పలక మీది గీతలు పక్క పలకలోకి నీళ్లు పారినట్టు సాగాలి. వర్క్‌షాపులోని సిరియా మేస్త్రీ ప్రతి పలక వెనకా అరబ్బీ అంకె వేసి పంపాడు. మెస్ క్యాలెండర్ చూసి ఆ అంకెలు నేర్చుకున్న బావ గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఒకటి, రెండు, మూడు అంటూ ఎడమ నుంచి గోడంతా కొక్కేలకు తగిలించేశాడు. తీరా వెనక్కి జరిగి చూస్తే ఒక్క గీత కూడా పక్కదానితో కలవలేదు. మేడమ్ వచ్చి, "మాఫీ జైన్! కల్ అర్బాబ్ ఆయేగా" అంది. బాగాలేదు, పైగా హోటల్ యజమాని మర్నాడే చూడటానికి వస్తున్నాడన్నమాట.

బావ కాసేపు గోడ ముందు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ఒకటో పలకను దించి కుడి చివరికి మోయించి, దాని ఎడమ పక్కన రెండోది పెట్టించాడు. గీతలు కలిశాయి! సిరియా మేస్త్రీ తన లిపి నడిచినట్టే కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకున్నాడు. "అంకెలైతే నేర్సిన గని, వాళ్లు యాడికెల్లి మొదలువెడ్తరో సోయి లేకపాయె" అని బావ పగలబడి నవ్వాడు. ఆయన తన పొరపాటు ఒప్పుకోగా నేను విన్నది అదొక్కసారే. "యల్లా!" అని మమ్మల్ని తొందరపెట్టాడు. అందరం కలిసి గోడంతా దించి, అటునుంచి మళ్లీ ఎక్కించాం.

మర్నాడు ముసలి యజమాని గోడ పొడుగునా అరచెయ్యి ఆనించి నడిచాడు. ఎక్కడా అతుకు తగల్లేదు. తన తండ్రి ముత్యాల వేటకు వెళ్లిన పడవలో పడుకోవడానికి చాప కూడా ఉండేది కాదని చెప్పి నవ్వి, "కౌన్ బనాయా?" అని అడిగాడు. బావ ఛాతీ చరుచుకుని "మై!" అన్నాడు. ముసలాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి "ముంతాజ్!" అని మెచ్చుకోగానే హాలంతా చప్పట్లు. నాకైతే సంతోషంతో కళ్ల నీళ్లొచ్చాయి. బావ ఇక షట్టరింగ్ ముఖం చూడలేదు, ఇప్పుడు ఫినిషింగ్ ఫోర్‌మన్. ఆ ఫొటోల్లోని అసలు ఓడలు ఏనాడో తుక్కు కింద పోయాయట. వాటిని ఉంచని కాలం దోహాలో మా బావ గోడను ఇప్పటికైతే ఉంచింది, మాకు అది చాలు.