సరోజిని ట్రే మీద గుడ్డ

నిన్న ఉదయం సరోజిని కొడుకు ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, అమ్మ వెళ్ళిపోయిందండీ."

"ఎక్కడికిరా?" అన్నాను. నిజంగానే అడిగాను.

ఏలూరులో బి.ఎస్సీ. చదివినప్పుడు మాది ఒకే బెంచీ. ఫస్ట్ నేను, సెకండ్ తను. తర్వాత నేను తాడేపల్లిగూడెం కాపురానికి వెళ్ళాను. తను ల్యాబ్‌కి వెళ్ళింది.

ఆ ల్యాబ్ అంటే నాకు ఎప్పుడూ కుళ్ళే.

రిటైరయ్యే ముందు వట్లూరు దగ్గర తను పనిచేసే కాలేజీ ల్యాబ్‌లో తనకో కొత్త మిషన్ వచ్చింది. కెమెరా ఫ్లాష్‌లా అల్ట్రావయొలెట్ కాంతి టకటకా కొడుతుంది. అది తగిలిన చోట సూక్ష్మజీవులు చస్తాయి. మందు వద్దు, ఉడకబెట్టడం వద్దు.

మండవల్లి నుంచి ఎండుచేపలు తెప్పించి పరీక్షలు మొదలుపెట్టింది. వరుసగా ఫెయిల్, చేపల మీద సూక్ష్మజీవులు చావడం లేదు. ఇంకోసారి ఇలాగే అయితే మిషన్ వేరే డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేస్తామన్నారు.

అప్పుడు గుర్తొచ్చాను నేను.

"తప్పులు పట్టడమే కదే నీ పని. వచ్చి పట్టు" అంది.

బస్సెక్కి వెళ్ళాను.

చేపల ట్రే మీద ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ కప్పి ఉంది. మనవైపు ఎవరైనా అలాగే కప్పుతారు. తను ఆ గుడ్డతో సహా ట్రేని మిషన్‌లోకి తోసేస్తోంది.

"సరోజినీ, వెలుగు చేపకి తగలాలా, గుడ్డకి తగలాలా?"

చెయ్యి ఆగిపోయింది. స్టూలు మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"చంపావే! ఇన్నాళ్ళూ గుడ్డని శుభ్రం చేశానన్నమాట!"

గుడ్డ తీసేసి, చేపల్ని రెండోవైపు కూడా తిప్పి కాంతి పట్టించింది. ఆ చేపల నమూనాలు పెట్టిన ల్యాబ్ ప్లేట్లలో మర్నాడు చూస్తే సూక్ష్మజీవులు దాదాపు లేవు. మిషన్ తన దగ్గరే ఉండిపోయింది.

తర్వాత కాలేజీ మీటింగ్‌లో, నిండు హాల్లో, ఆ గుడ్డ సంగతి తనే చెప్పింది. నన్ను లేపి నిలబెట్టింది కూడా.

చప్పట్లు మాత్రం తనకే ఎక్కువ.

తప్పు పట్టింది నేను. అందరికీ నచ్చింది తను. సొంత తప్పుని అలా నవ్వుతూ నలుగురిలో చెప్పడం నాకు ఈ జన్మలో రాదు. ల్యాబ్ కన్నా, మిషన్ కన్నా, నా అసూయ అక్కడే. ఇవాళ్టికీ తగ్గలేదు.

నిన్న వాళ్ళింట్లో ఎవరో తన ముఖం మీదికి గుడ్డ లాగబోయారు.

"ఆగండి. కాసేపు వెలుతురు తగలనివ్వండి" అన్నాను.

వాళ్ళకి అర్థం కాలేదు.

నీకు అయ్యుంటుంది. నవ్వే ఉంటావు.

ప్రశాంతంగా పడుకో, సరోజినీ. ఇక తప్పులు పట్టను.