పాపకు ఓజోన్ ధూపం

వరద నీళ్లు తీసిన వారంలో మా ఐదు నెలల పాపకు దగ్గు పట్టుకుంది. కుళాయిలో టీ రంగు నీళ్లు, ఇంట్లో బూజు వాసన. నాకసలే భయం ఎక్కువ. చీమ కుట్టినా ఫోనులో వెతికి, ఇక బతకనని తేల్చుకునే రకం. మస్కట్‌లో ఉన్న మా ఆయనకు వీడియో కాల్లో ఆ దగ్గు వినిపించాను. సెలవుకు వచ్చే స్నేహితుడి చేత ఆయన ఓజోన్ మిషను పంపించారు. చెప్పుల పెట్టెంత ఉంది. గొట్టం నీళ్లలో పెడితే నీళ్లలోని క్రిములు పోతాయి, తీసేస్తే గాలిలోవి. మందుల్లేవు, బ్లీచింగ్ కంపు లేదు.

"పొగొస్తాదా?" అన్నారు అత్తగారు.

"రాదండీ. కనపడకుండానే పనిచేస్తుంది."

"మీ మావగారూ అలాగే చేసేవోరు."

స్నానం కాగానే పాపకు సాంబ్రాణి వేసి, పొగ పోకుండా తలుపులు బిగించడం ఆవిడ పద్ధతి. ఆ పొగ మీద నేను నాలుగు నెలలు పోరాడాను. చివరికి సాంబ్రాణి మాన్పించి, దాని స్థానంలో మిషను పెట్టాను. పద్ధతి మాత్రం మార్చలేదు. కిటికీలు మూసి, తలుపు కింద తువ్వాలు కూడా దోపాను. నేను కెమిస్ట్రీ డిగ్రీ చదివాను. ఓజోన్ పొర భూమిని కాపాడుతుందని పరీక్షలో రాశాను. భూమిని కాపాడేది నా పిల్లను కాపాడదా?

గదంతా జిరాక్సు షాపు వాసన. మూడో రోజుకు దగ్గు ఎక్కువైంది. నేను మిషను జోరు పెంచాను. పాప కోసం గదిలోకి వెళ్లొచ్చే అత్తగారూ దగ్గడం మొదలుపెట్టారు.

"నీ మిషను దృష్టిలో పెద్ద క్రిమిని నేనే అనుకుంటానమ్మా. ముందు నేనే పోయేలా ఉన్నాను."

అప్పుడు అమలాపురం పరుగెత్తాం. పిల్లల డాక్టరుగారు పాప ఛాతీ విని, అంతా అడిగారు.

"మిషను ఆడేటప్పుడు గదిలో ఎవరుంటారమ్మా?"

"పాపేనండీ. దానికోసమే కదండీ."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "క్రిమిని చంపేది ఊపిరితిత్తుల్ని ఊరికే వదులుతుందా? ఆ గాలి ఎవరూ పీల్చకూడదు. పాపుండే గదిలో పెట్టనే పెట్టకండి. కిటికీలు తీయండి."

"సాంబ్రాణే నయమని మొత్తుకున్నానండి," అన్నారు అత్తగారు విజయంగా.

"అదీ వద్దండి."

ఆటో ఎక్కాం. ఊరు దాటాక అత్తగారు అన్నారు: "కుర్ర డాక్టరు. ఆయనకేం తెలుసు?"

"మనకు తెలిసిందేంటో చూశాంగా, అత్తయ్యగారూ."

"ఆయ్," అన్నారు, పాప ముఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెడుతూ.

ఇంటికెళ్లి కిటికీలన్నీ తీశాం. మిషను వీధి అరుగు మీదకు పోయింది. అక్కడ దాని గొట్టం వాడుక నీళ్ల బకెట్లో బుడబుడమంటోంది. పాపకు మాత్రం కాచిన నీళ్లే.

వారానికి దగ్గు తగ్గింది. ఒక మధ్యాహ్నం పాప రెండు గంటలు ఒక్కసారి కూడా దగ్గకుండా పడుకుంది. అంతసేపు దగ్గకపోవడమేమిటని నాకు గుండె ఆగినంత పనైంది. ఊపిరి ఉందో లేదో చూద్దామని కుదిపి లేపేశాను. అది ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అత్తగారు నన్ను తిట్టిన తిట్లు రాయడానికి నా డిగ్రీ చాలదు. పాప గొంతు మాత్రం శుభ్రంగా ఉంది.