వణుకుతూ తిరిగొచ్చిన స్వరం

గురుశాపం అనగానే తల ఊపే మీరు, ఆ గురువే "నేనేమీ శపించలేదు" అంటే ఎవరి మాట నమ్ముతారు?

దయ్యాలనూ శాపాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. తెనాలిలో సభలు పెట్టి మరీ వాటిని రమ్మని సవాలు చేశాను. ఒక్కటీ వాదానికి రాలేదు. మనసు మార్చుకుని ఇది రాస్తున్నానని ఎవరూ సంబరపడనక్కర్లేదు.

మా మేనల్లుడు శ్రీధర్ ఒక ఆర్కెస్ట్రాలో స్టీల్ గిటార్ వాయించేవాడు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే గిటార్ అది. నేర్పింది బాపట్లలో ఉండే సాంబయ్య మాస్టారు. చేతులు వణికే జబ్బు వచ్చాక ఆయన వాయించడం మానేశారు.

శ్రీధర్ ఒక డిలే పెట్టె కొన్నాడు. వాయించిన స్వరాన్ని పట్టి ఉంచుకుని, బావిలోకి వేసిన కేకలా రెండుమూడు సార్లు తిరిగి వినిపిస్తుంది. ఇచ్చిందే తిరిగిస్తుంది, లేనిది చేర్చదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రేపల్లెలో ఒక గృహప్రవేశం. భోజనాల వేళ తోటివాళ్లు ఎగదోస్తే శ్రీధర్ మాస్టారిని అనుకరించాడు. కావాలని మణికట్టు వణికిస్తూ ఒక స్వరం మీటాడు. పెట్టె దాన్ని తిప్పి చెప్పింది.

"మాస్టారొచ్చారు," అన్నాడు మైకులో. స్వరం సన్నబడుతుంటే, "మాస్టారు వెళ్తున్నారు... వెళ్తున్నారు... వెళ్లిపోయారు."

పందిరంతా నవ్వింది. చివరి బంతిలో మాస్టారు కూర్చుని ఉన్నారు. కలిపిన ముద్ద నోటిదాకా వెళ్లకుండానే విస్తట్లో రాలిపోయింది. అదీ చూసి నవ్వారు.

ఆయన చేయి కడుక్కుని శ్రీధర్ దగ్గరికొచ్చారు. "బాగా పట్టావురా. నేను నేర్పనిది అదొక్కటే," అన్నారు. అంతే, వెళ్లిపోయారు.

మర్నాడు తెనాలిలో రిహార్సల్. నేను పక్కనే ఉన్నాను. శ్రీధర్ మీటిన స్వరం తిన్నగా వెళ్లింది. వణుకుతూ తిరిగొచ్చింది.

స్వరాన్ని ఊగించే మీట కొన్ని పెట్టెలకు ఉంటుంది. దీనికి లేదు. వైర్లు మార్చాం. మరో పెట్టె అరువు తెచ్చాం. శ్రీధర్ వాయిస్తే అందులోనూ అదే వణుకు. అదే గిటార్ మరొకరు వాయిస్తే ఏ వణుకూ లేదు. ఫోన్లో రికార్డు చేసి వింటే, వెళ్లేది తిన్నగా, వచ్చేది వణుకుతూ.

"పెళ్లిపాటకి చలిజ్వరం వచ్చినట్టుందయ్యా. అది తగ్గాకే రా," అని ఆర్కెస్ట్రా యజమాని పంపేశాడు. పెట్టె తీసేసి వాయిస్తే పాట బోసిగా ఉందన్నాడు. శ్రీధర్‌కు వేరే పని రాదు.

మా చెల్లెలు మాత్రం, "అది గురుశాపం అన్నయ్యా. వాణ్ణి తీసుకెళ్లి ఆయన కాళ్ల మీద పడెయ్," అంది.

నేను బాపట్ల వెళ్లింది కాళ్ల మీద పడెయ్యడానికి కాదు, ఆ మాట అబద్ధమని తేల్చడానికి. శ్రీధర్ మాత్రం గుమ్మంలోనే పడ్డాడు. మాస్టారు నావైపు చూసి, "గ్లాసు పట్టుకోవడమే చేతకావట్లేదండి నాకు. శాపాలెక్కడ పెట్టను?" అన్నారు.

వెంట తెచ్చిన గిటారూ పెట్టే బిగించి శ్రీధర్‌ను వాయించమన్నాను. వణుకు పోలేదు. క్షమాపణతో పోయి ఉంటే శాపం అనేవాళ్లకు ఒక మార్కు వేసేవాణ్ణి. ఇక దయ్యం అందామంటే ఆయన బతికే ఉన్నారు.

పరీక్ష పూర్తి కావాలి గనుక మాస్టారిని ఒక్క స్వరం వాయించమన్నాను. వద్దన్నారు. నేను వదల్లేదు. గిటార్ ఒళ్లో పెట్టాం. కడ్డీ తీగల మీద టకటక కొట్టుకుంది. స్వరం గజగజలాడుతూ బయటికొచ్చింది.

పెట్టెలోంచి అది తిన్నగా తిరిగొచ్చింది. దారం లాగి కట్టినట్టు, ఎక్కడా చెదరకుండా.

మాస్టారు చేయి ఎత్తేసి, అది పూర్తిగా ఆగేదాకా విన్నారు. మళ్లీ మీటారు. మళ్లీ విన్నారు.

"ఇది నా చెయ్యేనండి," అన్నారు. "పాతది."

గిటార్ పక్కకు జరిపి, "తీసుకుపొండి," అన్నారు.

"ఇంకొక్కసారి మాస్టారూ, వీడియో తీసుకుంటా," అన్నాడు శ్రీధర్. ఆయన కాదనేలోపే గిటార్ మళ్లీ ఒళ్లో పెట్టి, మీటించి, తీశాడు కూడా. ఆ సాయంత్రమే పదిమందికీ పంపాడు. దాంతో ఆర్కెస్ట్రాలోకి మళ్లీ పిలుస్తారనుకున్నాడు. పిలవలేదు. అతని స్వరం ఇప్పటికీ వణుకుతూనే తిరిగొస్తోంది.

వీడియో మాత్రం ఊళ్లు తిరిగింది. ఇప్పుడు మాస్టారి ఇంటి ముందు చెప్పుల గుట్ట. కొందరు కొబ్బరికాయతో వస్తారు, కొందరు డిలే పెట్టెలతో. "ఒక్క ముక్క వాయించండి తాతగారూ," అని గిటార్ ఆయన ఒళ్లో పడేస్తారు. వాళ్ల పెట్టెల్లో వణుకు వణుకులాగే తిరిగొస్తుంది. అప్పుడు ఎవడో ఒకడు అంటాడు, "మాస్టారొచ్చారు... మాస్టారు వెళ్తున్నారు." అందరూ నవ్వుతారు. ఆయన మాత్రం ప్రతి పెట్టె ముందూ చెవి ఒగ్గి, చివరిదాకా వింటారట.

ఎందుకిలా జరిగిందో నాకు తెలియదు. తెలియదు అనడం ఓటమి కాదు. తెలియనిచోట శాపమని రాసుకోవడం ఓటమి.

శ్రీధర్ పెట్టె తెనాలిలో నా బల్ల మీదే ఉంది. రండి. స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి, నిమ్మకాయలు వద్దు. విప్పండి, వాయించండి, నన్ను తప్పని నిరూపించండి. ఆ వీడియో మీ ఫోన్లో ఉంటే ఇప్పుడే చెరిపేయండి. బాపట్లలో మాత్రం రైలు దిగకండి. ఆయన తలుపు తట్టకండి.