అంబాసిడర్ అడుగున పలక

ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా మనసులో అనుకోలేదు, అనుకుంటే ఎక్కడ మొహంలో కనిపిస్తుందో అని. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మా అన్న కూతురు, మూడేళ్ళ పాప, నా వల్ల చనిపోయింది. ఆ నింద మా వదిన మోసింది. ఈ రెండు మాటలూ ఒకచోట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మాది మార్కాపురం. పలకల వ్యాపారం చేసే మా నాయన ఎవరో రిటైరైన ఇంజనీరు దగ్గర పాత అంబాసిడర్ కొన్నాడు. నాయన పోయాక అది నా చేతికొచ్చింది. దాన్ని షెడ్డుకు పంపడమంటే నాకు నామోషీ. చోక్ తీగ తెగితే సైకిల్ బ్రేకు తీగ వేశాను. పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు మెత్తగా నలిపి పూశాను. స్టార్టు చేసే స్విచ్చి చెడిపోతే ఇంటి కాలింగ్ బెల్లు స్విచ్చి బిగించాను. వీధిలో వాళ్ళు వచ్చి చూసి నవ్వేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు నాకు బాగా రుచించింది. వేడి మీద ఇంజను ఆపితే మాత్రం మళ్ళీ తోస్తే గానీ లేచేది కాదు. అది ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

వెనక సీటులో కాళ్ళు పెట్టుకునే చోట అడుగు రేకు తుప్పు పట్టి అరచేయంత చిల్లు పడింది. సరిగ్గా దాని కిందనే పొగ గొట్టం అతుకు విడిచింది. టైర్లకు గాలి పట్టించడానికి పోయినప్పుడు అక్కడి షెడ్డు మేస్త్రి కిందికి వంగి చూశాడు.

"నీ కారుకు డాక్టరువూ నువ్వే, కాంపౌండరువూ నువ్వే గదన్నా," అన్నాడు నవ్వుతూ. "ఈ గొట్టం మాత్రం నాకిడిసిపెట్టు. పొగ లోపలికి కొడతాది. మనుషులు కూర్చునే బండి ఇది."

పదిమందిలో అన్నాడని రోషం వచ్చింది. ఇంటికొచ్చి నూనె డబ్బా రేకు కత్తిరించి గొట్టానికి చుట్టి తీగతో బిగించాను. చిల్లు మీద పలక ముక్క పెట్టి చుట్టూ తారు పోశాను. పైన మ్యాట్ పరిచాను. గొట్టం వేడికి తారు కరుగుతుందని నాకు తెలియదా? తెలుసు. ఎండాకాలం రోడ్డు మీద చెప్పులకు అంటుకునే తారే కదా. ఆ రోజు అది గుర్తుకు రానివ్వలేదు.

పదిరోజుల తర్వాత నంద్యాలలో బంధువుల పెళ్ళికి పోయాం. తిరిగొచ్చేటప్పుడు వాన. ముందు నేనూ అన్నా. వెనక అమ్మ, వదిన, పాప. పాపకు దగ్గు. బయల్దేరే ముందు దగ్గు మందు సీసా మూత బిగుసుకుపోయిందని వదిన నాకిచ్చింది. నేనే తీశాను. ఆమె ఆ మూతతోనే కొలిచి ఒక్కసారి పోసింది. సీసా మళ్ళీ నాకే ఇస్తే ముందున్న అరలో పెట్టాను. పాప కింద పడుకుంటానని మారాం చేసింది. కాళ్ళ దగ్గర బొంత వేసి పడుకోబెట్టారు. ఆ పలక మీదనే.

నల్లమల ఘాటులో సగం దిగాక లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగి ఉంది. గంటకు పైనే ఆగాం. వానకు అద్దాలన్నీ మూసి ఉన్నాయి. నేను ఇంజను ఆపలేదు. ఆపితే అంతమంది చూస్తుండగా వానలో తోయించాలి. నా పనితనం ఎంతో అందరికీ తెలిసిపోతుంది. కారణం అంతే. ఇన్నేళ్ళూ ఇంకో కారణం వెతుక్కున్నాను, దొరకలేదు. ఆడవాళ్ళను లోపల వదిలి, నేనూ అన్నా తువ్వాళ్ళు తలమీద వేసుకుని లారీ దగ్గరికి పోయాం.

తిరిగొచ్చేసరికి అమ్మ తలుపు తీసి వాంతి చేసుకుంటోంది. వదిన తల పట్టుకుని కూర్చుంది. ఘాటు మలుపుల్లో మా ఇంటి ఆడవాళ్ళకు ఎప్పుడూ ఉండేదే. నేను నవ్వాను కూడా. పాప నిద్రలో ఉంది. బుగ్గలు ఎర్రగా, అప్పుడే ఆడుకుని వచ్చినట్టు. లేపొద్దంది అమ్మ. గిద్దలూరు వచ్చాక వదిన లేపింది. పాప లేవలేదు.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఏం మందు పోశారని మాత్రమే అడిగాడు. అమ్మ వదిన వైపు తిరిగింది. "ఎంత పోసినావే?" అంది. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో తీర్పు అయిపోయింది. కోసి చూస్తే గానీ చెప్పలేమన్నాడు డాక్టరు. వద్దని మొదట అన్నది నేను. పసిబిడ్డను కోయడమెందుకన్నాను. అప్పటికే నాలో ఎక్కడో అనుమానం ఉందా? లేక నిజంగా జాలితోనే అన్నానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

మూడోరోజు మ్యాట్ ఎత్తాను. తారు జారి పలక పక్కకు తప్పుకుని ఉంది. చిల్లు అంచున మసి. బొంత అడుగున అరచేయంత మసి. పాపను చంపింది మందు కాదు, పొగ అని అప్పుడు తెలిసింది. ఇక్కడ మాత్రం తెలియదని అనలేను. పలక తీసుకుపోయి పాడుబడిన గని గుంటలో పారేశాను. బొంత తగలబెట్టాను. కొత్త గొట్టం వేసి, కొత్త రేకు తెచ్చి, వెల్డింగ్ మిషను అడిగి తెచ్చుకుని నా చేత్తోనే అతికాను. అంత శుభ్రంగా ఆ కారుకు నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు.

రెండు నెలలకు వదిన పెరట్లో బట్టలు ఆరేస్తూ నన్ను ఆపింది.

"మరిదీ, ఆ సీసా మూత నువ్వే తీసినావు గదా?"

"ఆఁ."

"నేను ఎన్ని మూతలు పోసినా? ఒక్కటే గదా? అత్త రెండంటాంది. అనీ అనీ నాకూ రెండే అనిపిస్తాంది. నువ్వు చూసినావు, చెప్పు."

"నేను చూడలేదు వదినా."

"చూడలేదా?"

"బండి సంగతి చూసుకుంటాన్నా అప్పుడు. నాకు గుర్తు లేదు."

ఆమె ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కారు సంగతి తెలియక చేశానని ఎవరైనా నా తరఫున అనొచ్చు. ఈ మాట తెలిసే అన్నాను.

ఆమెకు తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్ళకు జ్వరమొస్తే తన చేత్తో మందు పోసేది కాదు, పక్కింటామెను పిలిచేది. అమ్మ మంచాన పడ్డాక కూడా వదిన ఇస్తే మాత్ర మింగేది కాదు. అప్పటికి నేను పొదిలిలో కాపురం. బస్సెక్కి వచ్చి నేను మింగించేవాణ్ణి. అమ్మ నా తల నిమిరి దీవించేది. ఆ దీవెనలన్నీ తీసుకున్నాను.

పోయిన నెల, పెళ్ళి ఫొటోలకు పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన, అన్న ఇంట్లోనే ఉండిపోయిన మా అంబాసిడర్ చూడ్డానికి వస్తే నేనూ మార్కాపురం పోయాను. మ్యాట్ ఎత్తి, "ఈ అతుకు ఎవరేసినారో గానీ చెయ్యి మంచిది," అన్నాడు. "మా తమ్ముడే," అని అన్న నా భుజం తట్టాడు. వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ తట్టడం నేను ఓర్చుకోలేకపోయాను.

అన్న ఆయనను సాగనంపడానికి బజారు దాకా పోయాడు. అప్పుడు వదినకు చెప్పాను. చిల్లు, పలక, పొగ, మసి, అన్నీ. నేను ఆగాక కొడుకు నోటుబుక్కులోంచి కాగితం చించి నా ముందు పెట్టింది.

"నోటిమాట మల్లా మారుస్తావు. రాసియ్యి."

రాశాను. నాలుగు వాక్యాలు. ఇంజను ఎందుకు ఆపలేదో, దీవెనలు ఎట్లా తీసుకున్నానో అందులో పట్టలేదు. అందుకే మీకు ఇదంతా. అన్నకు నేనే చెప్పుకుంటానంటే వద్దంది, తను చదివి వినిపిస్తానంది. కాగితం రెండుసార్లు చదువుకుంది.

"ఇది అత్త బతికున్నప్పుడు కావాల్సింది నాకు," అంది. "ఇంక పో. మల్లా ఈ గడప తొక్కాకు."

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. దొనకొండలో ఉన్న వాళ్ళమ్మకు ఫోను చేసినట్టుంది. "అమ్మా, ఇను," అని నా కాగితం చదువుతోంది. "ఆ దినం పాపకు మా వదిన పోసింది ఒక్క మూతే. నేను చూశాను." అక్కడ ఆగింది. అవతల ఏమన్నారో, మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా. చాలా ఏళ్ళ తర్వాత నాకు ఊపిరి పూర్తిగా ఆడింది. దానికి నాకు హక్కుందో లేదో తెలియదు. ఆమె చదవడం అయిపోయేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.