గడీలో నిలువుటద్దం బేరం

పాత అద్దం కొనబోయే వాళ్ళు ముందు చట్రం మీది చెక్కడం చూసి మురిసిపోతారు. నేను అద్దాన్ని తిప్పించి వెనక చెక్క చూస్తాను. చెదలు తిన్నదా, తేమ పట్టిందా, పూత ఎక్కడ లేచింది అన్న సంగతి అద్దం వీపే చెబుతుంది. తర్వాత గాజుకు గోరు ఆనిస్తాను. గోరుకూ దాని నీడకూ మధ్య ఎంత సందు ఉంటే గాజు అంత మందం. ఆఖరున కొంచెం వెనక్కి జరిగి తల అటూ ఇటూ ఆడిస్తాను. మొహం నీళ్ళలోలాగా వంకరపోతే అది చవక గాజు. ఇవన్నీ చూశాక, అద్దం ఎంత మంచిదైనా సరే, పెదవి విరుస్తాను. ఈ చివరి పని వల్ల ఒకసారి నా వీపు మీద తోలు పోయింది. నాది తోలుతో పోయింది, ఇంకొకరిది ఎముక దాకా వెళ్ళింది.

మాది దేవరకొండలో కిరాణా దుకాణం. నన్ను కన్న బాపు నాకు లెక్కల కంటే ముందు మొహం పెట్టడం నేర్పాడు. మనకు కావలసిన సరుకు వైపు చూడకూడదు. చూడక తప్పకపోతే జాలిగా చూడాలి, రోగిష్టి మనిషిని పరామర్శించడానికి పోయినట్టు. ఇంకో సరుకును గట్టిగా బేరమాడి, పోయేటప్పుడు అసలుదాన్ని దయతలచినట్టు అడగాలి. ఆ విద్యలో నేను బాపును మించిపోయానని నా నమ్మకం.

నా భార్యది మక్తల్. వాళ్ళ నాయిన బట్టల దుకాణంలో నిలువుటద్దం ఉండేది. మా ఇంట్లో ఉన్నది నేను గడ్డం గీసుకునే అరచేతంత అద్దం. అందులో ఆమె మొహం ఒక విడత, మెడ ఒక విడత చూసుకునేది. చీర అంచు దాకా చూపు పోయే దారే లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి నగ అడగలేదు, చీర అడగలేదు. ఒకరోజు పొయ్యి ఊదుతూ, "నన్ను నేను పూరాగ సూసుకొని ఎన్నొద్దులైందో" అన్నది, నాతో కాదు, పొయ్యితో అన్నట్టుగా. ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా, కొత్త నిలువుటద్దం ధర కనుక్కొని ఊరుకున్నాను.

అవి నిజాం రాజ్యం ఆఖరు రోజులు. ఒకవైపు దొరల గడీల తలుపులు ఊడుతున్నాయి, ఇంకోవైపు గుడిసెలు తగలబడుతున్నాయి. మాకు దగ్గరి పల్లె దొర సామాను అమ్ముకొని పట్నం పోతున్నాడని కబురు తెలిసింది. పారిపోయేవాడి దగ్గర చవకగా దొరుకుతుందని లెక్క వేసుకున్నాను. అద్దం చుట్టడానికి ఒక పాత బొంత భుజాన వేసుకొని, బండి నేనే తోలుకుంటూ బయలుదేరాను.

గడీ వాకిట్లో పెట్టెలు కడుతున్నారు. ఒక జీతగాడి చేతిలోంచి ఇత్తడి గంగాళం జారింది. దొర వాణ్ణి బూటుకాలితో డొక్కలో తన్నాడు. వాడు ఊపిరి అందక నేల మీద పాకుతూనే మళ్ళీ ఆ గంగాళాన్ని ఎత్తుకున్నాడు. ఇది కళ్ళారా చూసి కూడా నేను వెనక్కి తిరగలేదు. కోపం మీద ఉన్నవాడితో బేరం తొందరగా తెగుతుంది అనుకున్నాను. దుకాణంలో పుట్టినవాడి బుద్ధి అంతదాకానే పోతుంది.

లోపలి వసారాలో, సాయబాను కింద, గోడకు ఆనించి మూడు అద్దాలున్నాయి. ఇత్తడి చట్రం గుండ్రటిది ఒకటి, అంచుల మీద పూలు రాసిన చిన్నది ఒకటి, నిలువుటద్దం ఒకటి. నిలువుటద్దానికి నల్లటి ఇరుగుడు కర్ర చట్రం, పైన ఎదురెదురుగా రెండు చిలుకలు. వెనక చెక్కకు చెద లేదు. గోరు ఆనించాను, నీడ దూరంగా నిలబడింది. తల ఆడించాను, మొహం మొహంలాగే ఉంది. అంచు వాలుగా చెక్కి ఉండటం వల్ల వాకిలి వెలుతురు దాని మీద రంగులుగా విరుగుతున్నది. నా భార్య దాని ముందు నిలబడి చీర అంచు సర్దుకోవడం నాకు కనిపించింది. వెంటనే మొహం రోగిష్టిని చూసినట్టు పెట్టాను.

గుండ్రటి అద్దాన్ని పట్టుకొని బాగా బేరమాడాను. దొర వక్క నములుతూ ఒక్క ధరే చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు నిలువుటద్దం వైపు చేయి ఊపి, దీని పూత పోయింది, చట్రానికి చేవ లేదు, చూసుకుంటే మనిషి పీనుగులా కనబడుతున్నాడు, ఇది గుడ్డి అద్దం, దీన్ని కూడా కలిపి గుండ్రటిదాని ధరకే ఇచ్చేయండి అన్నాను.

దొర నమలడం ఆపాడు.

"అది మా అమ్మ అద్దంరా."

తప్పయిందని చెప్పవలసిన క్షణం అది. నా నోరు అలవాటు కొద్దీ, అయితే మరీ పాతది కదా, ఇంకా తగ్గించాలి అన్నది.

ఆయన పెద్ద జీతగాణ్ణి పిలిచాడు. వాడు నాకు తెలిసినవాడే, మా దుకాణంలోనే పొగాకు కొనేవాడు. నా భుజం మీది బొంత లాగి పక్కన పడేసి, నన్ను నిలువుటద్దం ముందే వంగబెట్టాడు. దొర మా వెనక కుర్చీ వేయించుకున్నాడు. చింత బరిగె మొదటి దెబ్బకు అంగీ చిరిగింది. రెండోదానికి నేను కరుచుకున్న పెదవి చిట్లి, రక్తం చిమ్మి గాజు మీద పడింది. ఆ తర్వాతి దెబ్బలకు వీపు ఉన్నచోట నిప్పు తప్ప ఏమీ తెలియలేదు. అద్దంలో నా కళ్ళు పైకి తేలిపోవడం నేనే చూశాను. అంత బాధలోనూ, పూత ఎంత శుభ్రంగా ఉందో అనిపించింది.

దొర బండ్ల వాళ్ళను తిట్టడానికి వాకిలి వైపు తిరిగాడు. అప్పుడు నా చెవి దగ్గర గుసగుస వినిపించింది.

"ఒర్లు సేటూ. ఒర్లితెనే ఇడుస్తడు."

"ఒర్లుతున్న గద."

"గిది సాలది."

దెబ్బ ఠపీమని మోగింది, నాకు తగలలేదు. వాడు కాలితో బొంతను నా పక్కకు జరిపి, తన వెడల్పాటి ఒంటిని దొరకు అడ్డం పెట్టి, బరిగెను దాని మీద వేస్తున్నాడు. నేను చచ్చేవాడిలా అరిచాను. బొంత మీద పడ్డ ప్రతి దెబ్బకూ నా అరుపు పెరిగింది. ఇంత లాభసాటి బేరం నా జన్మలో చేయలేదు.

అరుపు మరీ ఎక్కువైందేమో, దొర మళ్ళీ ఇటు తిరిగాడు. ముందున్న జీతగాడి వీపు ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆ వీపు పైనుంచి అద్దం అంతా చెప్పింది. వాడి పెదవులు కదలడం, బరిగె బొంత మీద పడటం, నేను ఒక కన్ను తెరిచి చూడటం.

"గుడ్డి అద్దంల మంచిగనే కనబడుతాంది" అన్నాడు దొర, చాలా మెల్లగా.

కొనకు వెండి పొన్ను వేసిన చేతికర్ర తీసుకొని లేచాడు. మొదటి దెబ్బకు జీతగాడి చెవి చీలింది. రెండో దెబ్బ మోకాలి వెనక పడితే వాడు కూలబడ్డాడు. తల కాచుకోవడానికి చేయి ఎత్తాడు. కర్ర మణికట్టు మీద పడి, ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. దొర ఆగలేదు. విరిగిన ఆ చేతినే బూటుకింద అదిమి పట్టి తలను చూసి కొడుతున్నాడు. వాడు నాకు చెప్పినట్టు తాను ఒర్లడం లేదు. వాకిట్లో అంతమంది పెట్టెలు కడుతూనే ఉన్నారు. ఇంకొంచెం సేపైతే వాడు చచ్చిపోతాడు.

దొర కాళ్ళ మీద పడటం నాకు తట్టలేదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, దాన్ని తలకిందులు చేశాను.

"దొరా, అద్దం నాకు గావాలె. ఎంతంటె గంత."

కర్ర గాలిలో ఆగింది. పారిపోయేవాడికి పైసల మాట వినబడుతుంది. ఆయన ఒక ధర చెప్పాడు. నేను తగ్గించలేదు. ఇది ఇరుగుడు చేవ దొరా, దీనికి చెద పట్టదు అన్నాను. ఆయన ధర పెంచాడు. మళ్ళీ కర్ర ఎత్తబోతుంటే గాజు మందం చెప్పాను. ధర పెరిగింది, బూటు మణికట్టు మీది నుంచి లేచింది. అంచు చెక్కిన పనితనం చెప్పాను, చిలుకల ముక్కులు చెప్పాను. పొగడటానికి అబద్ధం ఒక్కటి కూడా అవసరం రాలేదు. ఒక్కొక్క మాటకూ నా మెడకు నేనే ఉరి బిగించుకుంటూ, ఆయన ఒక్కొక్క అడుగు వెనక్కి వేసి కుర్చీలో కూర్చునే దాకా చెబుతూనే ఉన్నాను. దగ్గరున్నదంతా ఇచ్చాను. అది చాలకపోతే నడుముకున్న వెండి మొలతాడు విప్పి ఇచ్చాను.

"గీన్ని గూడ తీస్కపో. చెయ్యి పనికిరాదు గింక" అన్నాడు దొర.

బండిలో బొంత పరిచి అద్దాన్ని వెల్లకిలా పెట్టాను. దాని పక్కనే జీతగాడిని పడుకోబెట్టాను. దారి పొడుగునా వాడు విరిగిన చేతిని రెండో చేత్తో గుండెకు అదుముకొని, అద్దంలో కదిలే ఆకాశాన్నే చూశాడు. నేను ఏదో అడిగితే, "బండి తోలు సేటూ, కుదుపులకు పగుల్తది" అన్నాడు. అద్దం సంగతో చేతి సంగతో నేను అడగలేదు.

ఇంటికొచ్చాక నా భార్య గాజు మీద ఎండిన రక్తాన్ని తడిగుడ్డతో తుడిచింది. నా వీపుకు పసుపు అద్దింది. ఎంతకు ఇచ్చాడని అడిగింది. నా పరువు నాకుంటుంది కదా, సగానికి సగం తగ్గించి చెప్పాను. అరుగు మీద, విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు జీతగాడి మణికట్టు పట్టి లాగుతున్నాడు. జీతగాడు గడీలో అరవని అరుపంతా అప్పుడు అరిచాడు. అది తగ్గాక లోపలికి వినబడేలా అన్నాడు.

"అబద్ధం సేటమ్మా. సేటు ఇయ్యాల బేరం జెయ్యలే."

ఆమె అద్దం ముందు నిలబడి ఉంది. తల నుంచి పాదాల దాకా కనిపిస్తున్నది. తనను తాను చూసుకోలేదు, అద్దంలో వెనకనున్న నన్ను చూసింది.

వాడి కుడి పిడికిలి మళ్ళీ మూసుకోలేదు. మా గోదాములో కావలికి ఉండమంటే, జీతం గట్టిగా బేరమాడి మరీ కుదురుకున్నాడు. పొగాకు ఎడమచేత్తో తీసుకునేవాడు. లోపలి అద్దం దుకాణంలోకి కనిపిస్తుంది కాబట్టి, దానికి చిక్కకుండా తలుపు పక్కన ఓరగా నిలబడేవాడు. ఎప్పుడైనా నేను తక్కెడలో ఇంకో చిటికెడు పొగాకు ఎక్కువ వేస్తే, వేలితో తీసి పక్కన పెట్టేవాడు.

"ఎందుకు సేటూ," అనేవాడు, పెదవి కదపకుండా. "ఇంకో అద్దం బేరం ఉన్నదా?"