వేలు ముంచి రుచి చూసే ఆవిడ

విజయనగరంలో మా వీధికి చేపలు తెచ్చే భోగాపురం ఆవిడకు ఏ నీళ్లనైనా రుచి చూడడం అలవాటు. మా బోరు నీళ్లకు కూడా వంక పెట్టింది.

నిరుడు నేను కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. నీరు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లే పోసేవాణ్ని. రెండు చేపలు చచ్చిపోయాయి. అందులో పెంచుతున్న పగడపు జీవులు ముడుచుకుపోయాయి. ఇక అక్వేరియం తీసేద్దామనుకుంటుండగా, ఒకరోజు ఆవిడ మా ఇంట్లో గంప దించి, చెయ్యి కడుక్కుని, తొట్టెలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"సముద్రం కన్నా ఉప్పగున్నాది. నీరు ఆవిరైపోతాది గానీ ఉప్పెక్కడికి పోతాది బాబూ? ఈ నీరు కొంత తీసేసి వొట్టి మంచినీళ్లు పొయ్యి. ఒక్కపాలే మొత్తం కాదు, రోజూ కూసింత."

ఫిల్టర్ నీళ్లు అలాగే పోశాను. పది రోజులకు పగడాలు విచ్చుకున్నాయి. పిలిచి చూపిస్తే, మిగిలిన ఒక్క చేప వంకే చాలాసేపు చూసింది.

"పుట్టినకాడ నుంచీ సేపల్ని వలలోనూ గంపలోనూ సూసినాను. నీట్లో ఇలాగ తిరగడం ఇదే సూడ్డం," అంది.

ఇప్పుడు ఆవిడ వస్తే, ముందు తొట్టె ఎదురుగా కుర్చీ వేస్తాను.